మర్రిచెట్టు నీడలో ఏడాదిన్నర: హ్యూగో ఎకిటికే కథ

2023 జనవరి 1. కొత్త సంవత్సరం రోజు. ఫ్రెంచ్ లీగ్‌లో లాన్స్ మీద పారిస్ క్లబ్ పీఎస్‌జీ మ్యాచ్. పీఎస్‌జీ జట్టులో మెస్సీ లేడు. ప్రపంచకప్ గెలిచాక ఇంకా సెలవులోనే ఉన్నాడు. నెయ్‌మార్ కూడా లేడు. అంతకు ముందు మ్యాచ్‌లోనే రెడ్ కార్డు తిన్నాడు. ఆ రోజు పీఎస్‌జీ 3-1తో ఓడిపోయింది. వాళ్లకు దక్కిన ఆ ఒక్క గోల్ కొట్టింది ఓ 20 ఏళ్ల కుర్రాడు.

జనవరి 6. ఫ్రెంచ్ కప్‌లో షాతోరూ మీద మ్యాచ్. ఈసారి ఎంబాపేకి కూడా సెలవు. ముగ్గురు పెద్దలూ లేరు. మళ్లీ ఆ కుర్రాడే గోల్ కొట్టాడు.

జనవరి 11. ఆంజే మీద మ్యాచ్. ఐదో నిమిషంలోనే మళ్లీ అతనే. కానీ ఆ రాత్రి మెస్సీ ప్రపంచ విజేతగా తిరిగొచ్చిన రాత్రి. రెండో సగంలో మెస్సీ కూడా ఒక గోల్ వేశాడు. ఇక మర్నాడు ఎవరి ఫొటోలు వచ్చి ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు కదా.

పదకొండు రోజుల్లో మూడు గోల్స్. ఆ తర్వాత ఆ క్లబ్ తరఫున అతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి!

నమస్తే అండీ. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ కుర్రాడి గురించే. పేరు హ్యూగో ఎకిటికే. ఫ్రెంచ్ వాళ్లు ఆ 'హ' పలకరు, 'ఉగో' అంటారు. మన కామెంట్రీలో అందరూ హ్యూగో అనే అంటున్నారు కాబట్టి మనమూ అదే కానిద్దాం.

ముందు ఊరి సంగతి. ఎకిటికే పుట్టింది 2002 జూన్ 20న, రేన్స్‌లో. షాంపేన్‌కి పేరుపడ్డ ఊరు. ఒకప్పుడు ఫ్రాన్స్ రాజులకు పట్టాభిషేకాలు జరిగిన చర్చి ఉన్న ఊరు. ఫుట్‌బాల్ వాళ్లకైతే ఇంకో రకంగా గుర్తు. 1950ల్లో ఈ ఊరి క్లబ్ రెండుసార్లు యూరోపియన్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. 1958 ప్రపంచకప్‌లో ఒక్కడే 13 గోల్స్ కొట్టిన జస్ట్ ఫాంటైన్ అప్పుడు ఆడుతున్నది ఈ క్లబ్‌కే. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అంటే స్ట్రైకర్ అంటే ఏంటో ఆ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు. మనవాడు 11 ఏళ్ల వయసులో, 2013లో, ఆ క్లబ్ అకాడమీలో చేరాడు. 2020లో ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ వచ్చింది.

కాంట్రాక్ట్ అయితే వచ్చింది గానీ మ్యాచ్‌లు రాలేదు. అప్పుడు క్లబ్ ఒక మంచి పని చేసింది. 2021 జనవరిలో డెన్మార్క్ పంపించింది, వైలె అనే చిన్న క్లబ్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అరువుగా. పారిస్ కలలు కనే 18 ఏళ్ల పిల్లాడికి డెన్మార్క్ చలికాలంలో లీగ్‌లో నిలబడటానికి తంటాలు పడుతున్న జట్టు! వినడానికి శిక్షలా ఉంటుంది. అక్కడ 11 లీగ్ మ్యాచ్‌లు ఆడి 3 గోల్స్ కొట్టాడు. అంకె చిన్నదే. కానీ నన్నడిగితే అతని కెరీర్‌లో మొదటి మంచి నిర్ణయం అదే. పెద్దవాళ్లతో, మొరటు డిఫెండర్లతో, నిజమైన పాయింట్ల కోసం ఆడాడు. ప్రాక్టీస్ గ్రౌండ్‌లో ఎంత చెమటోడ్చినా అది దొరకదు.

తిరిగొచ్చాక 2021-22 సీజన్ చూడండి. ఫ్రెంచ్ లీగ్‌లో 24 మ్యాచ్‌లు, 10 గోల్స్. మనిషి ఆరడుగుల పైన ఇంకో మూడంగుళాలు ఉంటాడు, కానీ పొడుగు స్ట్రైకర్లలా గోల్ ముందు పెనాల్టీ బాక్స్ మధ్యలో నిలబడి హెడర్ కోసం ఎదురుచూసే రకం కాదు. ఎడమ పక్కకి జరుగుతాడు, బంతి కాళ్ల దగ్గరే ఉంచుకుని పరుగెత్తుతాడు, ఆ పొడవాటి కాళ్లతో డిఫెండర్‌ని బోల్తా కొట్టిస్తాడు. ఎదురుగా ఖాళీ జాగా ఉంటే ఇక ఆపడం కష్టం. ఈ 'ఖాళీ జాగా' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు కథలోకి ఇంగ్లండ్ క్లబ్ న్యూకాసిల్ వస్తుంది. 2021 చివర్లో సౌదీ డబ్బు ఆ క్లబ్ చేతికి వచ్చింది. 2022 జనవరిలో లీగ్‌లో దాదాపు అడుగున ఉన్నారు, గోల్స్ కొట్టేవాడు కావాలి. ఎకిటికే కోసం రేన్స్‌తో మాట్లాడారు, ధర దగ్గర ఒప్పందం కుదిరిందని అప్పట్లో గట్టి వార్త. కుర్రాడు వెళ్లలేదు. వేసవిలో మళ్లీ వచ్చారు. అప్పుడూ వెళ్లలేదు. ఎందుకంటే పీఎస్‌జీ తలుపు తెరిచింది.

2022 జూలై. ముందు లోన్, తర్వాత కొనుగోలు అనే ఒప్పందం. దాదాపు 3 కోట్ల యూరోలని అప్పటి లెక్క. మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపే ఉన్న డ్రెస్సింగ్ రూమ్. ఇంకో నెల తిరిగేసరికి న్యూకాసిల్ విసిగిపోయి వేరే స్ట్రైకర్‌ని కొనుక్కుంది. అతని పేరు అలెగ్జాండర్ ఇసాక్. ఈ పేరు కూడా పక్కన పెట్టుకోండి.

చాలామంది 'డబ్బుకి ఆశపడ్డాడు' అంటారు. నాకు అలా అనిపించదు. డబ్బే కావాలంటే సౌదీ వాళ్ల దగ్గర తక్కువేం లేదు. 20 ఏళ్ల ఫ్రెంచ్ కుర్రాడికి మెస్సీ పక్కన లాకర్ ఇస్తానంటే వద్దనేవాడు ఎవడండీ? నేనైతే అనను. మీరూ అనరు. కానీ మనవాళ్లు ఊరికే అనలేదు, మర్రిచెట్టు కింద మొక్క మొలవదని. నీడ బానే ఉంటుంది, ఎండే తగలదు.

2022-23లో లీగ్‌లో 25 మ్యాచ్‌ల్లో కనిపించాడు. చాలాసార్లు బెంచి మీంచే దిగాడు. 3 గోల్స్. నవంబర్‌లో ఓసెర్ మీద 5-0 గెలిచిన మ్యాచ్‌లో ఐదోది, ఆ తర్వాత లాన్స్, ఆంజే. కప్‌లో ఒకటి కలిపితే మొత్తం నాలుగు. మొదట చెప్పిన ఆ పదకొండు రోజుల్ని మళ్లీ చూడండి. పెద్దవాళ్లు లేనప్పుడు వరసగా మ్యాచ్‌లు దొరికాయి, వరసగా గోల్స్ వచ్చాయి. వాళ్లు తిరిగొచ్చారు, ఇతను పక్కకి జరిగాడు. దొరికిన ఛాన్సులు కూడా కొన్ని చేజేతులా పోగొట్టుకున్నాడు, అది కాదనలేం. కానీ అక్కడ ఆట తీరే వేరు. పీఎస్‌జీతో ఆడే చిన్న జట్లన్నీ పదిమందినీ వెనక్కి లాగి గోడ కట్టేస్తాయి. ఖాళీ జాగా ఎక్కడుంది? పరుగెత్తే గుర్రాన్ని తెచ్చి వరండాలో కట్టేసినట్టు.

తర్వాతి సీజన్ ఇంకా ఘోరం. కొత్త కోచ్ లూయిస్ ఎన్రీకే వచ్చాడు. యూరప్ మేటి క్లబ్‌లు ఆడే చాంపియన్స్ లీగ్ జాబితాలో ఎకిటికే పేరే లేదు. లీగ్‌లో ఒకే ఒక్క మ్యాచ్, అదీ చివర్లో కొన్ని నిమిషాలు. మన క్రికెట్‌లో డ్రింక్స్ మోసే పన్నెండో ఆటగాడైనా నయం, కనీసం గ్రౌండ్‌లోకి వస్తాడు.

2023 సెప్టెంబర్ 1న, బేరాల గడువు ముగిసే రోజు, ఒక విచిత్రం జరిగింది. జర్మనీ క్లబ్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రాందాల్ కోలో మువానీ అనే ఇంకో ఫ్రెంచ్ స్ట్రైకర్‌ని పీఎస్‌జీ భారీ ధరకి కొంది. బదులుగా ఎకిటికే అక్కడికి వెళ్లాలని మాటలు నడిచాయి. కోలో మువానీ వచ్చేశాడు, ఎకిటికే వెళ్లలేదు. బేరం చివర్లో చెడింది. మరో ఐదు నెలలు అదే బెంచి. చివరికి 2024 ఫిబ్రవరి 1న అదే ఫ్రాంక్‌ఫర్ట్ లోన్ మీద తీసుకెళ్లింది. తమాషా ఏంటంటే, అంత డబ్బు పోసి తెచ్చిన కోలో మువానీని కూడా పీఎస్‌జీ 2025 జనవరిలో జువెంటస్‌కి లోన్ మీద పంపేసింది. చెట్టు అదే, మొక్కలే మారాయి.

ఫ్రాంక్‌ఫర్ట్‌కి స్ట్రైకర్లని సానబెట్టడం అలవాటే. యోవిచ్, హాలెర్, కోలో మువానీ, అందరూ అక్కడ మెరిసి పెద్ద ధరకి వెళ్లినవాళ్లే. ఎకిటికే వచ్చినప్పుడు ఒంట్లో మ్యాచ్ ఫిట్‌నెస్ లేదు. మొదటి నెలలు మెల్లగా నడిచాయి. ఆ సీజన్ లీగ్‌లో 14 మ్యాచ్‌లు, 4 గోల్స్. అయినా క్లబ్ తొందరపడలేదు, సుమారు 1.65 కోట్ల యూరోలకి శాశ్వతంగా కొనేసుకుంది.

ఇక 2024-25. కోచ్ డీనో టాప్‌మోలర్ ఇద్దరు స్ట్రైకర్లతో ఆడించాడు. పక్కన ఈజిప్ట్ వాడు ఒమర్ మర్ముష్. బంతి గెలవగానే ఇద్దరూ ముందుకి దూసుకుపోవడమే. ఇదిగో, మనం పక్కన పెట్టుకున్న ఖాళీ జాగా ఇక్కడ దొరికింది! జనవరిలో మర్ముష్ మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది, జోడీ లేకపోతే కుర్రాడు మళ్లీ మాయమైపోతాడేమోనని. కాలేదు. లీగ్‌లో 15 గోల్స్, 8 అసిస్ట్‌లు (అంటే వేరేవాళ్ల గోల్‌కి ఇచ్చిన ఆఖరి పాస్‌లు). అన్ని పోటీలూ కలిపి 22 గోల్స్. ఏప్రిల్‌లో యూరప్ రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్లో టాటెన్‌హామ్ స్టేడియంలోనే గోల్ కొట్టాడు. ఫ్రాంక్‌ఫర్ట్ లీగ్‌లో మూడో స్థానంలో నిలిచి చాంపియన్స్ లీగ్‌కి వెళ్లింది.

లోపం లేదా అంటే ఉంది. ఆ సీజన్ మ్యాచ్‌లు చూసిన వాళ్లకి తెలుసు, అతనికి వచ్చిన ఛాన్సులకి 15 గోల్స్ తక్కువే. ముగ్గుర్ని దాటి, గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉంటే తిన్నగా వాడి ఒంటికే కొట్టేవాడు. నా ఉద్దేశంలో అది కాళ్ల లోపం కాదు. స్ట్రైకర్‌కి ఆ ఆఖరి క్షణంలో నిదానం నెత్తుటిలోకి ఇంకాలంటే వందల మ్యాచ్‌లు కావాలి. ఇతని దగ్గర ఆ లెక్కలో ఏడాదిన్నర తక్కువ.

2025 వేసవిలో న్యూకాసిల్ మళ్లీ వచ్చింది. మూడోసారి! పాపం, పట్టు వదలని విక్రమార్కుళ్లు. ఈసారీ కాదు పొమ్మన్నాడు. జూలైలో లివర్‌పూల్ 6.9 కోట్ల పౌండ్లు, బోనస్‌లతో కలిపి 7.9 కోట్ల దాకా ఇచ్చి తీసుకుంది. 22 నంబర్ జెర్సీ. వెంబ్లీలో క్రిస్టల్ ప్యాలెస్ మీద, సీజన్‌కి ముందు ఆడే కమ్యూనిటీ షీల్డ్ మ్యాచ్‌లో నాలుగో నిమిషంలోనే గోల్. ఆగస్టు 15న బోర్న్‌మౌత్ మీద ప్రీమియర్ లీగ్ మొదటి మ్యాచ్‌లో ఇంకోటి. మనకి అది అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి మొదలైంది, పొద్దున్నే జెండా ఎగరేసొచ్చి రాత్రి మేలుకున్న వాళ్లు కామెంట్లలో చేతులెత్తండి.

ఆగస్టు 25. న్యూకాసిల్ సొంత మైదానంలో మ్యాచ్. వాళ్ల స్ట్రైకర్ ఇసాక్ ఆడటం లేదు. లివర్‌పూల్ వెళ్లిపోతానని పట్టుబట్టి కూర్చున్నాడు. మూడుసార్లు వాళ్లని కాదన్న ఎకిటికే మాత్రం వచ్చాడు, రెండో సగం మొదలవగానే గోల్ కొట్టాడు. లివర్‌పూల్ 3-2తో గెలిచింది. సరిగ్గా వారానికి ఆ ఇసాక్ కూడా 12.5 కోట్ల పౌండ్లకి లివర్‌పూల్‌కే వచ్చేశాడు, ఎకిటికే స్థానానికే పోటీగా. రాసుకుని చెప్పినా ఇంత బాగా కుదరదు.

అప్పుడు నాకు మళ్లీ పారిస్ గుర్తొచ్చింది. సెప్టెంబర్ 23న అది ఇంకా పెరిగింది. లీగ్ కప్‌లో సౌతాంప్టన్ మీద మొదటి సగంలో ఇసాక్ గోల్ వేశాడు, రెండో సగంలో అతని బదులు ఎకిటికే దిగాడు. అప్పటికే ఒక ఎల్లో కార్డు ఉంది. 85వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టి, ఆనందం పట్టలేక చొక్కా విప్పేశాడు. రెండో ఎల్లో, రెడ్ కార్డు, తర్వాతి మ్యాచ్‌కి నిషేధం. తెలివితక్కువ పనే, కోచ్ స్లాట్ దాన్ని దాచలేదు కూడా. కానీ ఒక్క గోల్‌కి అంత సంబరం ఎందుకంటే, పక్కన ఎవరున్నారో అతనికి తెలుసు. ఆ నీడ ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాడు.

అక్టోబర్ 22, చాంపియన్స్ లీగ్. లివర్‌పూల్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి వచ్చింది. ఆడాల్సింది ఎక్కడనుకున్నారు? ఫ్రాంక్‌ఫర్ట్‌లో. స్లాట్ ఆ రోజు ఇసాక్‌నీ ఎకిటికేనీ ఇద్దర్నీ మొదటి నుంచే దించాడు. ముందు ఫ్రాంక్‌ఫర్టే గోల్ వేసింది. 35వ నిమిషంలో రాబర్ట్‌సన్ వెనక నుంచి పొడవాటి పాస్ వేశాడు. ఎకిటికే ముందు సగం మైదానం ఖాళీ. పరుగెత్తాడు. ఈసారి గోల్‌కీపర్ ఒంటికి కొట్టలేదు, పక్కగా నిదానంగా వేశాడు. స్కోరు 1-1, చివరికి 5-1. గోల్ పడగానే లివర్‌పూల్ వాళ్లు అతని మీదికి వచ్చి పడ్డారు. అతను మాత్రం సంబరం చేసుకోలేదు.