బంగారం, వెలుగు, ఒక్క కణం

నమస్కారమండీ. విజయనగరం గంటస్తంభం దగ్గర బంగారం కొట్లోకెళ్లి బంగారం ఏ రంగులో ఉంటుందని అడిగి చూడండి, ఎగాదిగా చూస్తారు. కానీ అదే బంగారాన్ని మిల్లీమీటరులో లక్షో వంతు సైజు నలుసులుగా చేసి నీళ్లలో తేలిస్తే నీళ్లు ఎర్రగా కనిపిస్తాయి. రంగు మార్పుకి కారణం నలుసు సైజేనని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1857లోనే చెప్పాడు. ఆ నలుసుల మీద వెలుగు వేసి ఒంట్లో మనకి కావాల్సిన కణాన్ని మాత్రమే వేడెక్కించడం, అది కేన్సర్ కణమైతే చంపడం, ఇదే ఇవాళ్టి కబురు.

ఆ నలుసులో ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి. ఉయ్యాలని దాని ఊపు చూసుకుని తోస్తే ఎలా అందుకుంటుందో, ఆ ఊగుడుకి సరిపడే వెలుగు పడిందంటే నలుసు దాన్ని మింగేసి వేడి కింద మార్చేస్తుంది. చిన్న నలుసులు మింగేది ఆకుపచ్చ వెలుగు, అది మాంసంలోకి పెద్దగా దిగదు, రక్తమే పీల్చేసుకుంటుంది. అందుకే అమెరికాలో రైస్ యూనివర్సిటీవాళ్లు, నవోమి హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం, ఇసుకలో ఉండే సిలికాతో చేసిన కంటికి కనపడనంత చిన్న పూసకి పల్చటి బంగారు పూత వేసి, మాంసంలోకి లోతుగా దిగే పరారుణ వెలుగు పట్టుకునేలా దాని మందం సర్దారు. 2003లో ఎలుకల కణుతుల మీద ప్రయత్నించారు కూడా.

ఇక కణాన్ని ఎంచుకోవడం. నలుసుకి ఒక యాంటీబాడీ, అంటే ఫలానా కణాన్ని గుర్తుపట్టే ప్రోటీన్, తగిలిస్తే నలుసు మనం ఎంచుకున్న కణానికే అతుక్కుంటుంది, వెలుగు మనం చూపించిన చోటే పడుతుంది, ఈ రెండూ కలిసిన చోట తప్ప వేడి పుట్టదు. పేపర్లలో 'బంగారు తూటా' అని రాస్తుంటారు, నాకైతే ఆ మాట వింటే చిరాకు, ఎందుకంటే రక్తంలోకి ఎక్కించిన నలుసుల్లో చాలావరకు వెళ్లి కాలేయంలో, ప్లీహంలో పేరుకుంటాయి.

చంపడమొక్కటే పని కాదండోయ్. 2015లో షికాగో శాస్త్రవేత్తలు 20 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) బంగారు నలుసుల్ని నాడీకణాలకి అంటించి, మిల్లీ సెకను పాటు ఆకుపచ్చ లేజర్ కొడితే, ఆ కొద్దిపాటి వేడికే కణం సిగ్నల్ పంపింది. వెలుగుకి స్పందించేలా చేయడానికి కణం జన్యువుల్ని మార్చనక్కర్లేకపోయింది. నాకు దీనిమీదే ఎక్కువ ఆశ.

మనుషుల్లో? ప్రోస్టేట్ కేన్సర్ ఉన్న 16 మందితో చేసిన చిన్న ట్రయల్ వివరాలు 2019లో వచ్చాయి, ముందు నరంలోకి బంగారు పూసలు ఎక్కించి, తర్వాత సన్నటి లేజర్ ఫైబర్ కణితిలోకి దింపారు. మన శ్రీకాకుళం, విజయనగరం నుంచి అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికి వెళ్లేవాళ్లకి నేటికీ అసలు వైద్యం సర్జరీ, రేడియేషన్, కీమోలే. ఎవరైనా బంగారు భస్మం చూపించి 'ఇదీ నానోయే, కేన్సర్ పోతుంది' అంటే, వెలుగు ఎక్కడ పెడతావు బాబూ అని అడగండి.