కేబుల్ పోతే ఎవరికి చెప్పుకోవాలి? అమెరికాలో మా టౌన్, ఇక్కడ మా హబ్సిగూడ

నమస్తే అండీ అందరికీ. ఈ వారం వ్లాగ్ హైదరాబాద్ నుంచి, హబ్సిగూడలో మా అమ్మావాళ్ళింటి నుంచి. అసలు ఈరోజు ప్లాన్ వేరు. ఉప్పల్ మినీ శిల్పారామానికి వెళ్ళి చేనేత స్టాల్స్ చూపిద్దామనుకున్నాను, మా మేనత్త కూతురు చూపించమని మెసేజ్ మీద మెసేజ్ పెడుతోంది. కానీ పొద్దున్నుంచి ఇంట్లో టీవీ రావట్లేదు. నాన్న రిమోట్ చేత్తో పట్టుకుని హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరుగుతున్నారు. కేబుల్ తమ్ముడికి ఫోన్ చేస్తే "అంకుల్, వీధి చివర స్తంభం మీద వైర్లు కోసేశిండ్రు, సాయంత్రానికి లాగేస్తాం" అన్నాడు. ఎవరు కోశారంటే కరెంటు వాళ్ళు. అప్పుడు నాన్న అడిగారు, "మీ దగ్గర ఇట్లా అయితే ఎవరికి చెప్పుకుంటారమ్మా?" అని. దీని మీద నేను చాలా చెప్పాలి, అందుకని శిల్పారామం వచ్చే వారం.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి, మేం ఉండేది మాసచూసెట్స్‌లో, బోస్టన్‌కి పడమట ఒక చిన్న టౌన్‌లో. అక్కడ కేబుల్ కంపెనీ ఎంత పెద్దదైనా సరే, మా టౌన్‌లో వైరు లాగాలంటే మా టౌన్ లైసెన్సు ఇవ్వాలి. వైర్లు వెళ్ళేది ఊరి వీధుల మీదుగా కాబట్టి, మా వీధులు వాడుకుని వ్యాపారం చేసుకుంటున్నావు, మాకేమిస్తావు, మా జనానికి ఎలా సర్వీస్ చేస్తావు అని ఊరు కంపెనీని కూర్చోబెట్టి అడుగుతుంది. దేశం మొత్తానికీ దీనికి ఆధారం 1984లో వచ్చిన కేబుల్ చట్టం. 1992లో ఇంకో చట్టం తెచ్చి కస్టమర్ సర్వీస్ సంగతి గట్టి చేశారు. మా రాష్ట్రంలో లైసెన్సు ఇచ్చేది టౌన్‌లో ఉండే సెలెక్ట్ బోర్డు, అంటే మన గ్రామ పంచాయతీలా జనం ఓట్లేసి ఎన్నుకున్న కొద్దిమంది. రెన్యువల్ అంటే 10 ఏళ్ళకి మించి ఇవ్వరు. గడువు ఇంకా మూడేళ్ళు ఉందనగానే పని మొదలవుతుంది, జనం ఏమనుకుంటున్నారో అడుగుతారు, బహిరంగ విచారణ పెడతారు.

ఆ విచారణకి నేను వెళ్ళాను. మామూలు హాలు, మడతకుర్చీలు, తలుపు దగ్గర ఒక కాగితం. మాట్లాడదలచుకున్నవాళ్ళు దాని మీద పేరు, వీధి పేరు రాయాలి. ముందు వరుసలో కంపెనీ తరఫున వచ్చినాయన ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. ఒక పెద్దావిడ వాకర్ పట్టుకుని మైకు దగ్గరికి వచ్చి, సీనియర్లకి తగ్గింపు ఎందుకు తీసేశారు అని అడిగింది. ఆ తరవాత ఒక రైతు లేచాడు. ఊరి చివర ఆయన ఫామ్ ఉంది, ఆ రోడ్డులో ఇళ్ళు పలచగా ఉంటాయి కాబట్టి కంపెనీ అక్కడిదాకా లైను వేయలేదట. లైసెన్సులో ఒక లెక్క ఉంటుంది, రోడ్డు పొడవునా ఇన్ని ఇళ్ళుంటే లైను తప్పనిసరిగా వేయాలని. ఆయన ఆ లెక్క తగ్గించమని అడిగాడు. బోర్డు చైర్‌పర్సన్ కంపెనీ ఆయన వైపు తిరిగి, దీనికి రాతపూర్వకంగా జవాబివ్వండి అంది. ఆయన తలూపి రాసుకున్నాడు. అంత పెద్ద కంపెనీ మనిషి అలా నోట్సు రాసుకోవడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది అంటే నమ్మండి.

ఇప్పుడు డబ్బుల సంగతి, మా అమ్మకి బాగా నచ్చిన భాగం ఇదే. ఊళ్ళు కేబుల్ కంపెనీ నుంచి ఫీజు తీసుకోవచ్చు, కానీ కంపెనీకి ఆ ఊళ్ళో టీవీ మీద వచ్చే ఆదాయంలో 5 శాతం దాటకూడదని ఫెడరల్ చట్టం. మా బిల్లులో టీవీ వరకే 90 డాలర్లు పడుతుంది, డాలరుకి 88 రూపాయల లెక్కన దాదాపు 8 వేలు. అందులో 5 శాతం అంటే నాలుగున్నర డాలర్లు, దాదాపు 396 రూపాయలు. అమ్మ వెంటనే, "మా నెల కేబుల్ బిల్లే 350 కదే!" అంది. అవును, మా ఊరికి వెళ్ళే వాటా ఇక్కడి మొత్తం బిల్లు కంటే ఎక్కువ. ఆ ఫీజుని కంపెనీ బిల్లులో విడిగా చూపించి మన దగ్గరే వసూలు చేసుకోవచ్చు కూడా, అంటే చివరికి అది మన జేబులోదే. అయినా నాకు ఆ నాలుగున్నర డాలర్లు కట్టడం ఇష్టం. అది ఎటు పోతుందో నాకు తెలుసు కాబట్టి.

మా దగ్గర అందులో ఎక్కువ భాగం ఊరి సొంత ఛానెళ్ళకి వెళుతుంది. మూడు రకాలుంటాయి: జనానిది, బడులది, ప్రభుత్వానిది. బోర్డు మీటింగులు లైవ్‌లో వస్తాయి, హైస్కూల్ బ్యాండ్ కచేరీ వస్తుంది, మంచు పడితే ఏ రోడ్డు మూశారో వస్తుంది. ఇంకో సంగతి ఈ వ్లాగ్‌లో ఇంతవరకూ చెప్పలేదు. నేను కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నది ఆ స్టూడియోలోనే. ఊళ్ళో ఉండేవాళ్ళెవరైనా వెళ్ళొచ్చు, శిక్షణ ఇస్తారు, ట్రైపాడ్, మైకు, కెమెరా ఇంటికి ఇస్తారు, పనయ్యాక తిరిగి ఇచ్చేయాలి. మేం వెళ్ళిన మొదటి చలికాలం మా ఆయన పొద్దున్నే ఆఫీసుకి పోతే నాకు రోజంతా మాట్లాడే మనిషి లేడు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడేది, అమ్మకి ఫోన్ చేద్దామంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి ఉండేది. అప్పుడు లైబ్రరీలో ఒక పోస్టర్ చూసి ఆ స్టూడియోకి వెళ్ళాను. అక్కడ పనిచేసే ఒకాయన నాకు ఫోకస్ ఎలా లాగాలో ఓపిగ్గా చూపించాడు. ఆ తరవాత ఉగాదికి పచ్చడి చేసి చూపిస్తూ ఒక ప్రోగ్రాం చేశాను. వేపపువ్వు దొరకలేదు, ఇండియన్ స్టోర్‌లో ఎండుపువ్వు ప్యాకెట్ తెచ్చాను. అది మా ఊరి ఛానెల్‌లో వచ్చింది. కింది వీధిలో ఉండే ఒకావిడ కిరాణా కొట్లో నన్ను ఆపి, ఆ చేదు పువ్వు ఏమిటి అని అడిగింది. ఆ రోజు ఇంటికి నడిచొస్తుంటే ఈ ఊరు నాది కూడా అనిపించింది.

సరే, నాన్న అడిగిన ప్రశ్నకి వస్తాను. ఎవరికి చెప్పుకుంటారు?

దేశమంతటికీ కొన్ని కస్టమర్ సర్వీస్ ప్రమాణాలున్నాయి, పెట్టింది ఎఫ్‌సీసీ అనే కేంద్ర సంస్థ, అమలు చేయించుకునే అధికారం ఊరికి ఉంది. ఫోన్ చేస్తే మామూలు రోజుల్లో 30 సెకన్లలో ఎత్తాలి, మూడు నెలల లెక్క చూస్తే 90 శాతం సార్లు అలా జరిగి ఉండాలి. సర్వీస్ పోతే 24 గంటల్లో బాగు చేయడం మొదలుపెట్టాలి. మనిషిని పంపేటప్పుడు ఎప్పుడొస్తాడో చెప్పాలి, ఎక్కువలో ఎక్కువ నాలుగు గంటల వ్యవధి, పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టడం కుదరదు. ముందు రోజు ఆఫీసు మూసేలోపల చెప్పకుండా అపాయింట్‌మెంట్ రద్దు చేయకూడదు. మాకు ఒకసారి సరిగ్గా అదే జరిగింది. మా ఆయన సెలవు పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఎవరూ రాలేదు, ఫోనూ లేదు, కస్టమర్ కేర్‌కి చేస్తే సారీ అని పాట పెట్టారు. నేను టౌన్ హాల్‌కి వెళ్ళి కేబుల్ కమిటీ ఫారం నింపి ఇచ్చాను. ఆ కమిటీలో ఉండేది ఊరివాళ్ళే, జీతం లేకుండా చేస్తారు. వాళ్ళు దాన్ని కంపెనీలో ప్రభుత్వ వ్యవహారాలు చూసే మనిషికి పంపారు. ఆయనే స్వయంగా ఫోన్ చేశాడు, మనిషి వచ్చాడు, బిల్లులో 20 డాలర్లు తగ్గించారు, అంటే 1,760 రూపాయలు. డబ్బు కంటే, నా మాట ఒక కాగితంగా మారి దాని వెనక మా ఊరు నిలబడటం నాకు ముఖ్యం.

అక్కడంతా స్వర్గం అని నేను చెప్పను. రేట్ల విషయంలో ఊరి చేతులు దాదాపు కట్టేసినట్టే. ఒకప్పుడు కనీస ప్యాకేజీ ధరని ఊళ్ళు నియంత్రించగలిగేవి, పోటీ ఉన్నచోట మాత్రం నియంత్రించకూడదు. 2015లో ఎఫ్‌సీసీ అంతటా పోటీ ఉందనే అనుకోవాలని రూలు మార్చాక ఆ అధికారం చాలాచోట్ల పోయింది. అదే వైరులో వచ్చే ఇంటర్నెట్ మీద ఊరికి మాట లేదు, 2019లో ఎఫ్‌సీసీ ఇచ్చిన ఆర్డర్ దాన్ని ఇంకా బిగించింది. ఫీజు లెక్కలోకి కూడా టీవీ ఆదాయమే వస్తుంది. జనం టీవీ ప్యాకేజీ మానేసి నెట్ ఒక్కటే పెట్టుకుంటుంటే మా స్టూడియోకి వచ్చే డబ్బు తగ్గుతూ వస్తోంది, నాకు ఆ దిగులు చాలా ఉంది. పైగా ఊరే లైసెన్సు ఇవ్వడం అన్ని రాష్ట్రాల్లో లేదు. డాలస్‌లో ఉండే మా వదిన వాళ్ళకి కంపెనీతో ఊరు బేరమాడే పద్ధతే లేదు. టెక్సాస్ 2005లో పర్మిషన్ ఇచ్చే పని రాష్ట్రం చేతికి తీసుకుంది. ఊళ్ళకి 5 శాతం ఫీజు మాత్రం వస్తుంది. మరుసటి ఏడాది కాలిఫోర్నియా కూడా అదే దారి పట్టింది. వదిన దగ్గర మా ఊరి విచారణ సంగతి చెబితే, "మా ఊళ్ళో ఇలాంటివి ఎప్పుడూ చూడలేదే" అంది.

(అమ్మ మధ్యలో మిర్చి బజ్జీలు తెచ్చింది, వాము కూరినవి. కెమెరా రెండు నిమిషాలు ఆపాను. ఇవి మాత్రం ఏ ఛానెల్‌లోనూ దొరకవు.)

ఇప్పుడు మన దగ్గరికి. మన కేబుల్ చట్టం 1995 నాటిది. మొన్నమొన్నటిదాకా కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ హెడ్ పోస్టాఫీసులో అయ్యేది, 2025 జనవరి నుంచి కేంద్ర సమాచార ప్రసార శాఖ పోర్టల్‌లో, ఐదేళ్ళకి ఇస్తున్నారు. రేట్ల వ్యవహారం కేంద్ర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ది. ప్రసారాల్లో చట్టానికి విరుద్ధమైనవి వస్తే కలెక్టరో పోలీస్ కమిషనరో చర్య తీసుకోవచ్చు. స్తంభం కరెంటు సంస్థది. ఇందులో మన నగరపాలక సంస్థ ఎక్కడుంది? రోడ్డు తవ్వడానికి పర్మిషన్ ఇవ్వడం తప్ప నాకైతే ఎక్కడా కనబడలేదు. అక్కడికి వెళ్ళి కేబుల్ గురించి ఫిర్యాదు చేద్దామంటే ఆ కంపెనీతో ఊరికి ఒప్పందమే లేదు.

దాని ఫలితం మనం చూశాం. 2025 ఆగస్టులో మా ఇంటికి దగ్గర్లోనే, రామంతాపూర్ గోఖలే నగర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. నాన్న ఆ రోజు ఫోన్లో మాట్లాడలేకపోయారు. ఆ తరవాత కరెంటు సంస్థ స్తంభాల మీద కేబుళ్ళు కోయడం మొదలుపెట్టింది, ఎన్నో కాలనీల్లో నెట్ పోయింది, పిల్లల క్లాసులు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు అందరూ ఇబ్బంది పడ్డారు, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది. ప్రాణం ముందు, వైర్లు తీయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఏ వైరు ఎవరిది, ఏది బతికున్నది, ఏది వాడకుండా వదిలేసినది అనే లెక్క ముందే రాసిపెట్టి ఉంటే ఇలా కత్తెర పెట్టి అన్నీ కోయాల్సిన అవసరం రాదు కదా. మా వీధి స్తంభం జూమ్ చేసి చూపిస్తాను చూడండి. నల్ల కేబుళ్ళు చుట్టలు చుట్టి కట్టేశారు, కొన్నిటి కొసలు కిందకి వేలాడుతున్నాయి, ఒకదానికి ఇన్సులేషన్ టేపు ఊడిపోయింది, ఏ ఒక్కదానికీ కంపెనీ పేరున్న ట్యాగ్ లేదు.

మన కేబుల్ తమ్ముడి గురించి ఒక మాట చెప్పకపోతే తప్పు. అమెరికాలో నాలుగు గంటల వ్యవధి గొప్ప అంటాం. ఇతను వర్షంలో కూడా బండి మీద నిచ్చెన పెట్టుకుని గంటలో వచ్చేస్తాడు, నాన్నకి బీపీ మాత్రలు తెచ్చిపెట్టిన రోజులున్నాయి. అతని మంచితనం మీదే మొత్తం సర్వీస్ ఆధారపడి ఉంది, అది నాకు నచ్చదు. వైర్లు కోస్తే నష్టం అతనిదే, ప్రమాదం జరిగితే మాట పడేదీ అతనే. వార్డు స్థాయిలో ఒక ఒప్పందం ఉండి, ట్యాగులు, ఎత్తు, పాత వైర్లు తీసేసే గడువు అందులో రాసి, ఏడాదికోసారి కాలనీవాళ్ళని పిలిచి అడిగితే ఇలాంటివాళ్ళకే ముందు మేలు. ఫీజు ఎంత అనేది తరవాత మాట్లాడుకోవచ్చు.

నాన్న అంతా విని, "మరి కాలనీ అసోసియేషన్ మీటింగ్ ఆదివారం ఉంది, నువ్వే వచ్చి చెప్పు" అన్నారు. వెళ్తాను. ఆ స్తంభం ఫొటోలు కూడా తీసుకెళ్తాను.

అమెరికాలో ఉండి ఇది చూస్తున్నవాళ్ళు ఒక పని చేయండి. మీ కేబుల్ బిల్లు రెండో పేజీనో వెనకవైపో చూడండి, మాకైతే లైసెన్సు ఇచ్చిన సంస్థ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటాయి. మీది టౌనా, కౌంటీనా, రాష్ట్రమా, కామెంట్‌లో రాయండి. లైసెన్సు గడువు ఎప్పుడు అయిపోతుందో ఆ నంబరుకి ఫోన్ చేసి అడగండి, చెప్తారు.