వెక్టర్ రిజిస్టర్ పై సగంలో ఏముంది?

అందరికీ నమస్కారం. బెంగళూరులో కంపైలర్ల మీద, కోడెక్‌ల మీద పనిచేసే తెలుగువాళ్లం ఇంతమందిమి ఒకచోట చేరాం కాబట్టి నేరుగా కోడ్‌లోకే వెళ్దాం.

_ఎంఎం256_కాస్ట్‌పీఎస్128_పీఎస్256 తీసుకోండి. ఇది 128 బిట్ల వెక్టర్‌ని (ఒకే రిజిస్టర్‌లో పక్కపక్కనే ఉండే సంఖ్యల గుంపుని) 256 బిట్లదిగా చూపే ఇంట్రిన్సిక్, అంటే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ల కోసం సీ కోడ్‌లో రాసే ఫంక్షన్. కింది నాలుగు ఫ్లోట్లు (32 బిట్ల దశాంశ సంఖ్యలు) మనవి. పై నాలుగూ అన్‌డిఫైన్డ్ (ఏముంటుందో హామీ లేదు) అని ఇంటెల్ స్పష్టంగానే రాసింది. అయినా అక్కడ సున్నాలున్నాయనుకుని ఎనిమిదింటినీ కూడేసే కోడ్ కనబడుతూనే ఉంటుంది. టెస్టులు పాసవుతాయి కూడా! ఎందుకంటే వీఈఎక్స్ అనే ఎన్‌కోడింగ్‌లోని (ఇన్‌స్ట్రక్షన్లను బైట్లుగా రాసే పద్ధతి) 128 బిట్ల ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్‌లో రాసేటప్పుడు పై సగాన్ని సున్నా చేస్తుంది. కాస్ట్‌కి ముందు వీయాడ్‌పీఎస్ (అలాంటి 128 బిట్ల కూడిక) ఉంటే బతికిపోతాం. అదే విలువ ఏదో 256 బిట్ల వెక్టర్ కింది సగమైతే, కాస్ట్‌కి అసలు ఇన్‌స్ట్రక్షనే పుట్టకపోవచ్చు. పైన పాత డేటా అలాగే కూర్చుంటుంది. ఇన్‌లైనింగ్ (పిలిచిన చోటే కంపైలర్ ఫంక్షన్ కోడ్‌ని పెట్టేయడం) కాస్త మారితే చాలు, కూడిక ఫలితం తప్పుతుంది.

సున్నాలు కావాలంటే కాస్ట్ బదులు జెక్స్ట్ రకం (పై సగాన్ని సున్నాలతో నింపే ఇంట్రిన్సిక్) రాయండి. ముందున్న ఇన్‌స్ట్రక్షనే సున్నా చేసిందని తెలిస్తే క్లాంగ్ అనే సీ కంపైలర్ వెనక పనిచేసే ఎల్‌ఎల్‌వీఎం అదనంగా ఏమీ పెట్టదు. తెలియకపోతే మహా అయితే ఒక మూవ్ (రిజిస్టర్ కాపీ) ఇన్‌స్ట్రక్షన్.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. హార్డ్‌వేర్ లెక్కలో అన్‌డిఫైన్డ్ అంటే ఏదో ఒక విలువ, ఎన్నిసార్లు చదివినా అదే. ఎల్‌ఎల్‌వీఎంలో అన్‌డిఫైన్డ్‌కి వాడే అన్‌డెఫ్ అలా కాదు, వాడిన ప్రతిచోటా వేరే విలువ కావచ్చు. _ఎంఎం_అన్‌డిఫైన్డ్_ఎస్ఐ128ని ఒక వేరియబుల్‌లో పెట్టి, దాన్ని దానితోనే సీఎంపీఈక్యూ (సమానమా అని పోలిక) చేసి అన్నీ ఒకట్లు తెచ్చుకునే ఉపాయం హార్డ్‌వేర్ ప్రకారం సరైనదే. కంపైలర్ ఆ ఇంట్రిన్సిక్‌ని అన్‌డెఫ్‌గా దించితే (అనువదిస్తే) మాత్రం పోలిక ఫలితమూ అన్‌డెఫే. ఆప్టిమైజర్ దాన్ని సున్నా చేసినా అడిగే హక్కు మనకు లేదు. అందుకే క్లాంగ్ ఆ ఇంట్రిన్సిక్‌ని సున్నాల వెక్టర్‌గానే దించుతుంది. 2020లో ఎల్‌ఎల్‌వీఎం 10తో ఫ్రీజ్ అనే ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది: ఒకసారి ఫ్రీజ్ చేస్తే వాడకాలన్నిటికీ ఒకే విలువ. కాస్ట్‌లను నిర్వచించే క్లాంగ్ హెడర్ ఫైళ్లు ఆ తర్వాత ఈ దారికే మారాయి. నా దృష్టిలో ఇదే సరైన పరిష్కారం.

పై లేన్ల (వెక్టర్‌లో ఒక్కో సంఖ్య ఉండే గడుల) ఫలితం ఎలాగూ పారేస్తాం కదా అని భాగహారం చేయకండి. అక్కడ డీనార్మల్ (సున్నాకి అతి దగ్గరగా ఉండే సంఖ్య) ఉంటే వేగం పడిపోవచ్చు, సున్నా ఉంటే ఎంఎక్స్‌సీఎస్ఆర్ అనే స్థితి రిజిస్టర్‌లో ఫ్లాగ్ లేస్తుంది. భాజకం పై లేన్లలో 1.0 నింపండి.

విలువ పెట్టకుండానే వాడిన డేటాని పట్టుకునే మెమరీ శానిటైజర్ పట్టేస్తుందిలే అని ధీమా పడొద్దు; క్లాంగ్ సున్నాలు పెట్టినచోట దానికి కనబడేదేమీ ఉండదు. డీబగ్ బిల్డ్‌లో కాస్ట్‌ని ఒక మాక్రో వెనక పెట్టి, _ఎంఎం256_సెట్_ఎం128తో పై సగంలో నాన్‌లు (‘సంఖ్య కాదు’ అని చెప్పే ఫ్లోట్ విలువలు) నింపండి. ఆర్గ్యుమెంట్లలో పై సగం ముందు, కింది సగం తర్వాత. కూడికలో ఎవరైనా పై లేన్లు కలుపుతుంటే మొత్తం నాన్‌గా వస్తుంది.