ఇంట్లో చేసుకునే ఆర్‌ఓవీకి ఏ మోటారు పెట్టాలి? ముందు వైరు లెక్క చూడండి

నమస్తే అండీ. ఆర్‌ఓవీ అంటే ఒడ్డు నుంచి వైరుతో నడిపే నీటి అడుగు రోబో. వెనక హోరు వినిపిస్తోంది కదా, మన వైజాగ్ బీచ్ రోడ్డులోనే ఉన్నాను, అదిగో మ్యూజియంగా మార్చిన సబ్‌మెరైన్, ఐఎన్‌ఎస్ కుర్సురా. టికెట్ కొనుక్కుని లోపల తిరిగొచ్చినవాళ్లం చాలామందిమే ఉంటాం, కానీ దాన్ని నడిపినవి ఎన్ని ప్రొపెల్లర్లో ఎవరైనా పట్టించుకున్నామా? మూడు. మన బుల్లి ఆర్‌ఓవీకి కూడా మూడుతో మొదలుపెట్టొచ్చు, కాకపోతే అమరిక వేరు. సబ్‌మెరైన్ ట్యాంకుల్లోకి నీళ్లు తీసుకుని మునుగుతుంది, మనకి ఆ ఏర్పాటు ఉండదు కాబట్టి వెనక రెండు, పైకీ కిందికీ ఒకటి.

సరే, ఇంటికొచ్చేశాం. ముందు నా పరువు పోయిన సంగతి చెప్తాను. మొదటిసారి పడవల్లో అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపులు కొన్నాను, 12 వోల్టులవి. ముందున్న ప్లాస్టిక్ డొప్ప కోసేసి, లోపలి చక్రం పీకేసి, దాని స్థానంలో బొమ్మ పడవ ప్రొపెల్లర్ బిగించాను. మేడ మీద నీలం డ్రమ్ములో పెట్టి రెండు మీటర్ల వైరుతో నడిపితే నీళ్లు బయటికి చిమ్మాయి, మా ఆవిడ తిట్టింది కూడా. అదే బండిని 20 మీటర్ల వైరుతో తెలిసినవాళ్ల ఈత కొలనులో దింపితే నత్తలా పాకింది. పక్కనే నిలబడ్డ బోటు మెకానిక్కు ఒకాయన "ఏటి బాబూ, దీనికి అన్నం పెట్టలేదా" అన్నాడు. నవ్వాను గానీ ఆయన అన్నదే నిజం, మోటారుకి తిండి అందలేదు.

లెక్క చూడండి. 20 మీటర్ల వైరంటే కరెంటు వెళ్లి రావడానికి 40 మీటర్ల రాగి. ఒక చదరపు మిల్లీమీటరు వైరైతే దాదాపు 0.7 ఓమ్. రెండు మోటార్లు కలిసి 6 ఆంపియర్లు లాగితే నాలుగు వోల్టుల పైన వైరులోనే పోయినట్టు, కింద మిగిలేది ఎనిమిది కూడా కాదు. వోల్టేజీతో పాటు ప్రొపెల్లర్ వేగం పడిపోతుంది, పైగా తోపు, అంటే బండిని నెట్టే బలం, మారేది వేగానికి వర్గంగా, అంటే వేగం మూడింట రెండొంతులైతే తోపు సగం కూడా ఉండదు. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే రెండు వోల్టుల లోపే పోతుంది, కానీ వైరు బరువెక్కి బిరుసవుతుంది, అప్పుడు ఆర్‌ఓవీ వైరుని లాగడానికే సగం కష్టపడుతుంది. అందుకే ఎవరైనా "ఏ మోటారు కొనాలి" అని అడిగితే నేను ముందు "ఎంత పొడుగు వైరు" అని అడుగుతాను.

అయిదారు మీటర్ల వైరు, మంచినీళ్లు, మొదటి ప్రయత్నం అయితే బిల్జ్ పంపే కొనండి, ఇంకేం ఆలోచించకండి. రెండు తీగలు తిప్పి కలిపితే వెనక్కి తిరుగుతుంది, సీలు ముందే ఉంటుంది. ఆ సీలు అడుగు, రెండడుగుల నీటి కోసం చేసింది అన్న సంగతి మాత్రం మర్చిపోవద్దు. పది మీటర్లు దిగితే నీటి ఒత్తిడి ఇంకో వాతావరణ పీడనం అంత పెరుగుతుంది, సీలు తట్టుకుంటుందని నేను పూచీ ఇవ్వను.

అంతకంటే లోతుకి, పెద్ద బండికి బ్రష్‌లెస్, అంటే లోపల రాసుకునే బ్రష్షులు లేని మోటారు. దీనికి సీలే అక్కర్లేదు, అదే నాకు నచ్చేది. కాయిల్‌కి ఎపాక్సీ పూస్తే నీళ్లు మోటారు మధ్యలోంచే పారుతాయి, చల్లబరుస్తాయి, లోపలా బయటా ఒత్తిడి ఒకటే. అయితే ఇంట్లో మూలనున్న డ్రోన్ మోటారు పెట్టేద్దామనుకుంటారు చూడండి, అక్కడే కాలుతుంది. దాని మీద 2300 కేవీ అని ఉంటుంది, అంటే లోడు లేకుండా వోల్టుకి నిమిషానికి అన్ని చుట్లు, 12 వోల్టులకి ఇరవై ఏడు వేల పైన. నీళ్లు గాలికంటే ఎనిమిది వందల రెట్లు చిక్కన, ఆ వేగంతో తిరగబోయి కాయిల్ మాడిపోతుంది. మూడొందల నుంచి ఆరొందల కేవీ మధ్యలో వెతకండి. ఈఎస్‌సీ, అంటే బ్రష్‌లెస్ మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు, కొనేటప్పుడు రెండు వైపులా తిప్పేదేనా అని అడగండి, డ్రోన్లకి వచ్చేవి చాలావరకు ఒకవైపే తిప్పుతాయి.

డబ్బుంటే బ్లూ రోబోటిక్స్ టీ200 లాంటి రెడీమేడ్ థ్రస్టర్ ఉంది, మోటారూ ప్రొపెల్లరూ కలిపే వస్తాయి. 16 వోల్టుల మీద ముందుకి అయిదు కిలోల పైనే తోస్తుంది, కానీ ఫుల్‌లో 20 ఆంపియర్ల పైన లాగుతుంది. ఆ కరెంటుని మన సన్న వైరులో పంపడం అయ్యే పని కాదు, బ్యాటరీ బండిలోనే పెట్టుకోవాలి, వైరులో సిగ్నల్ మాత్రమే పంపాలి.

ప్రొపెల్లర్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరిగేవి తీసుకోండి, లేకపోతే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. చుట్టూ రింగు ఉంటే నెమ్మదిగా వెళ్లేటప్పుడు తోపు బాగుంటుంది, జాలీ కూడా పెట్టుకోండి. మన తీరంలో తెగిపోయిన వల దారాలకి కొదవ లేదు, ఒక్క నైలాన్ పోగు షాఫ్ట్‌కి చుట్టుకుంటే చాలు. ఉప్పునీళ్లలో దింపాక మంచినీళ్ల బకెట్‌లో అయిదు నిమిషాలు నడపండి, లేకపోతే స్టీలు బేరింగులు వారంలో గరగరమంటాయి. హార్బర్, నేవీ వైపు మాత్రం ఎవరూ దింపకండి, సరదాకి కూడా వద్దు.

ఇప్పుడు కొలుద్దాం. ఈ కర్రకి మధ్యలో మేకు, కింది చివర మోటారు డ్రమ్ములో, పై చివర సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం. మేకు నుంచి రెండు వైపులా పొడవు సమానం కాబట్టి తూకం చూపించిందే తోపు. డ్రమ్ములో నీళ్లు సుడి తిరిగి అంకె కాస్త తక్కువే చూపిస్తుంది, పర్లేదు. ముందు రెండు మీటర్ల వైరు కలుపుతున్నా, తర్వాత ఇదిగో ఈ 20 మీటర్ల చుట్ట. తూకం దగ్గరికి కెమెరా పెడుతున్నాను, రెండు అంకెలూ రాసుకోండి.