లాస్ట్ మౌంటెన్ లేక్: లోతు తక్కువ చోటే అసలు సందడి

[దృశ్యం: కోతకొచ్చిన గోధుమ చేల మీదుగా డ్రోన్, చివర సన్నగా నీళ్లు]

నమస్తే అండీ. ఇది కెనడాలోని సస్కాచెవాన్. రెజీనా నగరానికి వాయవ్యంగా ఉన్న ఈ సరస్సు పొడవు 90 కిలోమీటర్ల పైమాటే, వెడల్పు మాత్రం బాగా తక్కువ. చుట్టూ కనుచూపు మేర పొలాలే. అయినా ఇక్కడ 280కి పైగా రకాల పక్షులు కనిపించాయి. ఎందుకో తెలియాలంటే ఉత్తరపు కొసకి వెళ్లాలి.

[దృశ్యం: తుంగ, మడుగులు, చిన్న చిన్న లంకలు]

ఇక్కడ నీళ్లు లోతు ఉండవు. వసంతంలో మంచు కరగగానే నార్తర్న్ పైక్ అనే వేటచేప నీట మునిగిన గడ్డిలోకి వచ్చి గుడ్లు పెడుతుంది. వాలై చేప కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, అందుకే మసక వెలుతురులోనూ వేటాడుతుంది. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది బర్బోట్ అనే చేప. నడి చలికాలంలో, గడ్డకట్టిన సరస్సు అడుగున గుడ్లు పెడుతుందండీ!

వేసవిలో తెల్ల గూడబాతులు వస్తాయి. మన నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులదీ ఇదే కుటుంబం. ఇవి పైనుంచి నీళ్లలోకి దూకవు. గుంపుగా ఈదుతూ చేపల్ని ఒడ్డువైపు తరిమి, ముక్కు కింది సంచితో తోడేసుకుంటాయి.

[దృశ్యం: సాయంత్రం, దిగుతున్న క్రేన్ల గుంపులు]

సెప్టెంబరు వచ్చిందంటే శాండ్‌హిల్ క్రేన్లు, అంటే సారస కొంగల జాతి పక్షులు, వేలకొద్దీ దిగుతాయి. పగలు కోసిన చేలల్లో రాలిన గింజలు తింటాయి, రాత్రి మోకాలి లోతు నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. నక్కల్లాంటి కొయోటీలు వేటకి వస్తే నీటి చప్పుడుకే మెలకువ వచ్చేస్తుంది. వాటి మధ్య ఒక్కోసారి మనిషి ఛాతీ ఎత్తున తెల్లటి వూపింగ్ క్రేన్ కనిపిస్తుంది. 1941 నాటికి ప్రకృతిలో స్వేచ్ఛగా మిగిలిన వూపింగ్ క్రేన్లు పాతికలోపే! ఉత్తరాన వుడ్ బఫెలో జాతీయ పార్కు నుంచి టెక్సాస్ తీరానికి వెళ్తూ ఇప్పటికీ ఈ దారిలోనే ఆగుతాయి.

ఈ చోటు మిగలడానికి ఒక ముందుచూపు కారణం. రైలుమార్గం వస్తోంది, వెంట జనమూ వస్తారని గ్రహించి, 1887లోనే ఈ కొసను పక్షుల కోసం కేటాయించారు. ఉత్తర అమెరికాలో మొదటి పక్షి సంరక్షణ కేంద్రం ఇదే. సస్కాచెవాన్ రాష్ట్రంగా ఏర్పడింది 1905లో, అంటే ఆ తర్వాత 18 ఏళ్లకు!

రైతులకు మాత్రం ఈ గుంపులతో నష్టమే. అందుకని పక్షుల కోసమే విడిగా పంట వేసి, వాటిని అటు మళ్లిస్తారు. నాకు ఇది చాలా న్యాయమైన పద్ధతి అనిపిస్తుంది.

చూడాలంటే సెప్టెంబరు చివర్లో వెళ్లండి. కారు దిగకండి. కారుకి అంతగా బెదరవు గానీ, మనిషి కనిపిస్తే గుంపంతా లేచిపోతుంది.