సముద్రం పక్కనే ఉండి బకెట్లో ఉప్పు కలుపుతున్నా: చెన్నై ఇంట్లో మొదటి రీఫ్ ట్యాంక్

(తిరువాన్మియూర్ ఫ్లాట్, మేడ మీద. దూరంగా సముద్రం. కట్. వంటింటి పక్కన తెల్ల బకెట్, అందులో చిన్న పంపు తిరుగుతోంది.)

నమస్తే అండీ. అదిగో, అది బంగాళాఖాతం. మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఇక్కడ నేనేమో రీఫ్ ట్యాంక్ కోసం, అంటే ఇంట్లో పగడాలు, సముద్రపు చేపలు పెంచే గాజుతొట్టి కోసం, బకెట్లో ఉప్పు కలుపుతూ కూర్చున్నా. మొన్న నెల్లూరు నుంచి వచ్చిన మా బాబాయ్ ఇది చూసి, "రెండు బిందెలు అక్కణ్ణుంచే తెచ్చుకోరాదట్రా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. కానీ ఒడ్డు దగ్గర నీళ్ళలో ఇసుక, బురద ఉంటాయి. వాన పడితే అడయారు, కూవం నదులు తెచ్చిపోసే మురుగు సరేసరి. తేట నీళ్ళలో పెరిగే పగడం దాన్ని తట్టుకోలేదు. పోనీ కల్లుప్పు వేద్దామా అంటే, అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పగడం తన గూడు కట్టుకోవడానికి కాల్షియం, కార్బోనేట్ కావాలి, మెగ్నీషియం తోడుండాలి. అందుకే రీఫ్ సాల్ట్ అని విడిగా అమ్ముతారు.

ఉప్పు కంటే ముందు నీళ్ళ సంగతి. మా ఫ్లాట్లో బోరు నీళ్ళు, లారీ నీళ్ళు కలిసి వస్తాయి. టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచేది) ముంచితే 900 దాటింది. వంటింటి ఆర్వో నీళ్ళు 70 చూపించాయి. మనం తాగడానికి అది బాగానే ఉంటుంది, ట్యాంక్‌కి మాత్రం ఆ మిగిలినదాంట్లో నైట్రేట్, ఫాస్ఫేట్ ఉంటే నాచుకి పండగే. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించి, మీటర్ 0 చూపించాకే వాడండి.

(దగ్గరి షాట్: ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఒక చుక్క.)

లీటరుకి 35 గ్రాముల పైచిలుకు లెక్కన, 20 లీటర్ల బకెట్‌కి ముప్పావు కిలో దాకా పడుతుంది. నీళ్ళలో ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్ళు కాదు. అలా పోస్తే కొంత కాల్షియం తెల్ల సున్నంలా అడుక్కి దిగిపోతుంది. బాగా కలిశాక ఇలా చుక్క వేసి, మూత మూసి, కిటికీ వైపు పట్టుకుని చూడండి. పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ కలిసే గీత 1.025 దగ్గర ఉండాలి. మంచినీళ్ళతో పోలిస్తే ఉప్పునీళ్ళ సాంద్రత అది.

ఇక చెన్నైలో అసలు శత్రువు ఎండ. రీఫ్ ట్యాంక్‌కి 25, 26 డిగ్రీలు చాలు. మేలో మన హాల్లో నీళ్ళు వాటంతట అవే 32కి వెళ్తాయి. ఆ వేడి కొన్నాళ్ళు ఉంటే పగడం తన ఒంట్లో ఉండే నాచును బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. చలిదేశాల వాళ్ళ వీడియోలు చూసి హీటర్ కొనకండి. ఆ డబ్బు నీళ్ళు చల్లబరిచే యంత్రానికి, అంటే చిల్లర్‌కి దాచండి.

చిల్లర్ ఖరీదని నా పాత ట్యాంక్‌కి ఫ్యాన్ పెట్టాను. రెండు, మూడు డిగ్రీలు తగ్గింది, నిజమే. నీళ్ళు కూడా రోజూ ఒక వేలెడు తగ్గేవి. ఉప్పునీళ్ళు తగ్గాయి కాబట్టి ఉప్పునీళ్ళే పోశాను. పది రోజులకి చూస్తే 1.031! నత్తలు కదలడం మానేశాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. ఉప్పు మడుల్లో జరిగేదీ అదే కదా. నెల్లూరు జిల్లావాణ్ణి, నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. తగ్గిన మేరకు మంచినీళ్ళే, అంటే ఆర్వో-డీఐ నీళ్ళే పోయాలి.

ట్యాంక్ 150 లీటర్లకి తగ్గకపోతే మంచిది. చిన్నదాంట్లో ప్రతి తప్పూ వెంటనే బయటపడుతుంది. నీళ్ళ బరువే 150 కిలోలు, కాబట్టి కంప్యూటర్ టేబుల్ మీద పెట్టకండి.

రాళ్ళ విషయంలో జాగ్రత్త. రామేశ్వరం వెళ్ళినప్పుడు ఒడ్డున దొరికిన పగడం ముక్క సంచిలో వేసుకోవద్దు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. సముద్ర గుర్రాలూ అంతే. డ్రై రాక్, అంటే ప్రాణుల్లేని ఎండు రాయి కొనుక్కోండి. తర్వాత ఎప్పుడైనా మెత్తటి పగడం కొనేటప్పుడు కూడా ఎక్కణ్ణుంచి వచ్చిందో కాగితం అడగండి. కాగితం లేదంటే బయటికి వచ్చేయండి.

(ట్యాంక్. రాళ్ళు, నీళ్ళు, లైటు. చేపల్లేవు.)

మా ఆవిడ దీన్ని "కరెంటు తాగే గాజుపెట్టె" అంటుంది. నిజానికి ఇందులో పని జరుగుతోంది. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియా వాటికే విషం, దాన్ని తినే బ్యాక్టీరియా ముందే పెరగాలని కాస్త అమ్మోనియా వేశాను. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అవి రాళ్ళలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ టెస్ట్ ట్యూబ్ చూడండి. మొదటి వారం ముదురు ఆకుపచ్చ, ఇవాళ 38వ రోజు, నిమ్మకాయ పసుపు. అంటే అమ్మోనియా సున్నా. నైట్రైట్ కూడా సున్నాకి వచ్చింది. రాళ్ళ మీద గోధుమరంగు పొర వస్తే టెన్షన్ వద్దు, అది డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు, కొన్ని వారాల్లో పోతుంది.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట చాలు. అన్నీ మగవిగానే ఎదుగుతాయి, జంటలో పెత్తనం చేసేది ఆడదవుతుంది. అవి దాక్కునే పువ్వులాంటి సముద్ర జంతువు, సీ అనిమోన్, ఇప్పుడే వద్దు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు మాత్రం చేపల కంటే ముందే కొనండి, మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

శనివారం చేపల కోసం కొళత్తూర్ వెళ్తున్నా. బాబాయ్ కూడా వస్తాడట. బిందె తెమ్మంటావా అని అడుగుతున్నాడు.