పచ్చళ్ల పిన్నిగారి పుస్తకం

శ్రోతలందరికీ నమస్కారం.

మా వీధి చివర ఒక పిన్నిగారు పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. ఇంటికి బోర్డు లేదు, కరపత్రాలు పంచింది లేదు. ఆమె దగ్గరున్నదల్లా ఒక రూళ్ల పుస్తకం. అరువు లెక్కలేమో అనుకున్నాను. తీసి చూపిస్తే తెలిసింది. "మాస్టారుగారిల్లు: ఆవకాయలో వెల్లుల్లి వద్దు. బ్యాంకు మేడమ్: పెసరావకాయ కిలో, నూనె బాగా తేలాలి. మూడో అంతస్తు: అబ్బాయి జూన్‌లో అమెరికా వెళ్తాడు, సీల్ వేసి ఇవ్వాలి." ఇలా ఇంటికో నాలుగు ముక్కలు.

ఏప్రిల్ వస్తే చాలు, ఆ పుస్తకం ముందేసుకుని ఫోన్లు చేస్తారు. రోజుకు పది మందికే. మధ్యాహ్నం కునుకు వేళ అసలు చేయరు. "కిందటేడు కారం ఎక్కువైందన్నారు కదండీ, ఈసారి తగ్గించనా?" అని మొదలుపెడతారు. మన మాట ఏడాదిపాటు గుర్తుపెట్టుకున్న మనిషికి వద్దని చెప్పడం కష్టమండీ. ఆర్డర్లు తేలాకే కాయలు కొంటారు కాబట్టి జాడీల్లో సరుకు మిగిలిపోదు, పెట్టుబడి ఇరుక్కుపోదు.

టైలరింగ్ చేసేవాళ్లు, టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లు, చీరలు తెచ్చి అమ్మే అక్కలు చాలామంది ప్రకటనలకు డబ్బు లేదని టెన్షన్ పడుతుంటారు. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ గారికీ ఆ డబ్బు లేదు. ఉద్యోగం చేసుకుంటూనే, ఇంట్లో కలిపిన బట్టల పొడిని సైకిల్ మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగి కిలో 3 రూపాయలకు అమ్మారు. అదే నిర్మా. టీవీలో ఆ పాట రావడం తర్వాతి సంగతి. ముందు జరిగింది గుమ్మం దగ్గర మాట్లాడటమే.

ఇప్పుడు సైకిల్ పని చాలావరకు వాట్సాప్ చేస్తోంది. అందులో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని ఉంటుంది. ఒక్కో లిస్టులో 256 మందిని చేర్చుకోవచ్చు. ఒక్కసారి పంపితే అందరికీ వెళ్తుంది, కానీ ఎవరికి వారికి విడిగా వచ్చిన మెసేజ్‌లాగే కనిపిస్తుంది. అయితే మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఇది తెలియక చాలామంది "పంపాను, ఒక్కరూ పలకలేదు" అని బాధపడతారు. అందుకే సరుకు చేతికిచ్చేటప్పుడే "నా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్తవి వచ్చినప్పుడు చెప్తాను, పంపమంటారా?" అని అడగండి. సరేనన్నవాళ్లకే పంపండి. ఒక చీరల దుకాణం నుంచి నాకు పొద్దుటే పూల బొమ్మలు, సాయంత్రం డిస్కౌంట్లు రోజూ వచ్చేవి. విసుగొచ్చి బ్లాక్ చేశాను. వాళ్ల చీరలు మంచివే. కానీ ఇప్పుడు మంచి చీర వచ్చినా నాకు తెలిసే దారి లేదు.

మన సంతల్లో కొసరు ఉండనే ఉంది. పిన్నిగారు దాన్ని ఊరికే వేయరు. ఆవకాయ కొన్నవాళ్లకు నాలుగు చెంచాల మాగాయ చిన్న డబ్బాలో పెట్టి ఇస్తారు. ఎవరికేమిచ్చారో ఆ పుస్తకంలోనే రాసుకుంటారు. వారం ఆగి ఫోన్ చేస్తారు.

నాకూ చేశారు. "మాగాయ ఎలా ఉందమ్మా? ఉప్పు సరిపోయిందా?" అన్నారు. డబ్బా అప్పటికే ఖాళీ. అరకిలో చెప్పాను. అవతల పేజీ తిప్పుతున్న చప్పుడు వినపడింది.